నంబరు ఎంత వచ్చిందండీ?

(మానసిక పరీక్షల గురించి, సీబీటీ అనే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ గురించి, అంటే ఆలోచనలనూ చేతలనూ సరిచూసుకునే మానసిక చికిత్స గురించి, ఒక క్లినికల్ సైకాలజిస్ట్ చేసిన ప్రసంగం. చివర సభలో వచ్చిన ఒక ప్రశ్న కూడా ఉంది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వినబడుతోందా? సరే, మొదలుపెడతాను.

మా దగ్గరకు పిల్లల్ని తీసుకొచ్చే వాళ్లను ముప్పొద్దులా చూస్తుంటాను. పిల్లాణ్ని లోపల కూర్చోబెట్టి రెండు మూడు గంటలు పరీక్షలు చేస్తాం. అమ్మా నాన్నా బయట కుర్చీల్లో ఉంటారు. నేను తలుపు తీయగానే ఇద్దరూ ఒకేసారి లేస్తారు. "నంబరు ఎంత వచ్చిందండీ?" ఎలా చేశాడు, ఎక్కడ తడబడ్డాడు, అలిసిపోయాడా అని అడిగేవాళ్లు తక్కువ. పెద్దవాళ్లూ అంతే. డిప్రెషన్ ప్రశ్నల కాగితం నింపి, పెన్ను మూత పెట్టి, "ఎంతకి ఎంత?" అంటారు. స్లిప్ టెస్ట్ రాసినట్టు. (నవ్వులు)

వాళ్లను ఎగతాళి చేయడం లేదండీ. ఇంట్లో ఏదో సరిగ్గా లేదని తెలుసు, ఏమిటో తెలియదు. అలాంటప్పుడు ఒక అంకె చేతికి దొరికితే ప్రాణం కుదుటపడుతుంది. అందుకే ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో ముందు మాట్లాడుకుందాం. థెరపీ సంగతి తర్వాత. నా లెక్కలో అవి రెండూ ఒకే పనిలో రెండు సగాలు. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఈ అంకెల కథ 1905లో పారిస్‌లో మొదలైంది. బడిలో వెనకబడుతున్న పిల్లల్లో ఎవరికి ప్రత్యేకంగా చదువు చెప్పాలో తేల్చడం ఎలా అన్నది అప్పటి ప్రభుత్వం ముందున్న సమస్య. ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కలిసి 30 చిన్న చిన్న పనులు కూర్చారు. కదిలే వెలుగును కళ్లతో వెంబడించడం, బొమ్మలో వస్తువుల పేర్లు చెప్పడం, విన్న అంకెలు తిరిగి అప్పజెప్పడం, ఇలా తేలిక నుంచి కష్టానికి. ఎవరికి సాయం కావాలో కనిపెట్టడమే వాళ్ల ఉద్దేశం. తెలివి పుట్టుకతో వచ్చి ఇంతే అని నిలిచిపోయే సరుకు అనేవాళ్లతో బినే గట్టిగా పోట్లాడాడు. 1911లో ఆయన పోయాడు. ఆ మరుసటి ఏడు విలియం స్టెర్న్ అనే జర్మన్ శాస్త్రవేత్త మానసిక వయసును, అంటే పిల్లాడు ఏ వయసువాళ్లు చేసే పనులు చేయగలిగాడో ఆ వయసును, అసలు వయసుతో భాగించమన్నాడు. ఐక్యూ అలా పుట్టింది. బినే బతికుంటే దానికి ఒప్పుకునేవాడు కాదని నా అనుమానం.

ఇప్పుడు భాగించడం లేదు. 1939లో డేవిడ్ వెక్స్లర్ అనే అమెరికా సైకాలజిస్ట్ తెచ్చిన పరీక్షల దగ్గర నుంచి, అదే వయసువాళ్లు ఎలా చేస్తారన్నదానితో పోలుస్తున్నాం. సగటు 100. నూరు మందిలో దాదాపు 68 మంది 85కీ 115కీ మధ్య ఉంటారు. రిపోర్టులో 92 అని ఉన్నచోట, పక్కనే 87 నుంచి 98 అన్నట్టు ఇంకో రెండు అంకెలు కూడా కనిపిస్తాయి. కొలతలో ఉండే తేడా అది. తూకం మిషన్ మీద ఒకే మనిషి పొద్దున ఒకలా, రాత్రి ఒకలా తూగినట్టే. ఆ పక్క అంకెలు చదివే తల్లిదండ్రులు నాకు ఇంతవరకు వేళ్లమీద లెక్కపెట్టే అంతమందే తగిలారు.

అసలు సంగతి మొత్తం నంబరులో ఉండదు, దాని కింద విడివిడిగా ఉన్న వరుసల్లో ఉంటుంది. ఒక అబ్బాయి అనుకోండి. నేను చెప్పే కథలన్నీ వివరాలు మార్చి, రెండు మూడు కలిపి చెబుతున్నవే. నోటితో అడిగితే గడగడా చెబుతాడు, రాయమంటే కదలడు. బద్ధకం అని ముద్ర పడింది. పరీక్షలో మాటలతో ఆలోచించే భాగంలో 118 వచ్చింది, చూసి వేగంగా చేసే భాగంలో 79. ఈ రెంటినీ కలిపి సగటు తీస్తే వచ్చే అంకెకు అర్థమే లేదు. నీళ్లు ఒక చోట మోకాలి లోతు, ఒక చోట మనిషి లోతు ఉంటే సగటు చూసుకుని దిగుతామా? ఆ కుర్రాడికి కావలసింది తిట్లు కాదు, పరీక్షలో ఇంకో అరగంట టైము. ఆ సంగతి పైనున్న నంబరు ఎప్పటికీ చెప్పదు.

నేను చేసిన పొరపాటు కూడా ఒకటి చెప్పేస్తాను, బరువు దిగుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాపకు పరీక్ష చేశాను. రంగుల చెక్కలతో నమూనా పేర్చే పని ఉంటుంది. పాప తల బల్లకు ఆనించేంత వంచి పేరుస్తోంది. శ్రద్ధ అనుకున్నాను. స్కోరు బాగా తక్కువ వచ్చింది. తల్లికి చెప్పాను, ఆవిడ ఏడ్చింది. వెళ్తూ వెళ్తూ పాప బ్యాగు జిప్పు తీసి కళ్లజోడు పెట్టుకుంది. ఆ జోడు రెండు గంటలూ బ్యాగులోనే ఉంది! అదే పరీక్ష మర్నాడు మళ్లీ పెట్టడానికి వీల్లేదు, ఒకసారి చేసిన పని రెండోసారి తేలికవుతుంది. నెలల తరబడి ఆగి, వేరే పరీక్షతో మళ్లీ మొదలుపెట్టాం. ఆ తల్లి ఆ నెలలు ఎలా గడిపిందో నేనిప్పటికీ అనుకుంటూ ఉంటాను. అప్పటి నుంచి నా మొదటి ప్రశ్న "కళ్లజోడు ఉందా?", రెండోది "రాత్రి నిద్రపోయావా?"

వ్యక్తిత్వ పరీక్షల గురించి ఎక్కువ చెప్పను. 1943లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఎంఎంపీఐ అనే పరీక్ష ఉంది. 1989లో సవరించిన దానిలో 567 వాక్యాలు, అవును-కాదు అని గుర్తు పెట్టాలి. నాకు అందులో నచ్చేది, జవాబులు ఎంతవరకు నమ్మవచ్చో చూసే ఏర్పాటు దానిలోనే ఉండటం. ఎవరైనా ఒప్పుకునే చిన్న చిన్న లోపాలు కూడా నాకు లేవు అంటూ పోతే, అదీ లెక్కకొస్తుంది. కొందరు భార్యనో భర్తనో వెంటపెట్టుకుని వచ్చి, "ఈ మనిషికి పరీక్ష చేసి, బుర్ర సరిగ్గా లేదని రాసివ్వండి" అంటారు. అలా రాసివ్వం. పరీక్ష ఎవరికి చేస్తున్నామో వాళ్లకు ఇష్టం ఉండాలి, ఎందుకు చేస్తున్నామో తెలిసి ఉండాలి. మొగుడూ పెళ్లాల పోట్లాటలో కర్ర అందించడం మా పని కాదు.

ఫోన్‌లో చేసుకునే ప్రశ్నావళుల మాట. పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళి మీలో చాలామంది చూసి ఉంటారు. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 27 మార్కులు. పది గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరును కలవమంటాం. డిప్రెషన్ ఉందని దాని అర్థం కాదు, ఉందేమో చూడాలని అర్థం. థైరాయిడ్ తగ్గినా, పక్కలో పసిబిడ్డ ఉండి నెలల తరబడి నిద్ర లేకపోయినా పది దాటవచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. మొత్తం ఆరే వచ్చినా, ఆ తొమ్మిదో దగ్గర సున్నా కాకుండా ఏది ఉన్నా నేను మిగతా కాగితం పక్కన పెట్టేస్తాను. నేరుగా అడుగుతాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, అలా పుట్టదు. చాలామంది ఎవరో ఒకరు అడిగారు కదా అని ఊపిరి పీల్చుకుంటారు. ఇంట్లో మీకు అలాంటి అనుమానం వస్తే మీరూ అడగండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

ఇక సీబీటీ.

ఆరన్ బెక్ అని ఫిలడెల్ఫియాలో ఒక సైకియాట్రిస్ట్. 1921లో పుట్టి 2021లో పోయాడు, నిండు నూరేళ్లు. మొదట్లో ఆయనదీ ఫ్రాయిడ్ దారే, పేషెంటును పడుకోబెట్టి మాట్లాడించే పద్ధతి. మనసు లోపలికి తిప్పుకున్న కోపమే డిప్రెషన్ అనేది అప్పటి సిద్ధాంతం. అది రుజువు చేద్దామని డిప్రెషన్‌లో ఉన్నవాళ్ల కలలు సేకరించాడు. కోపం కనబడలేదు. ఓడిపోవడం, పోగొట్టుకోవడం, ఎవరికీ అక్కర్లేకపోవడం, ఇవే కనబడ్డాయి. సొంత సిద్ధాంతం తప్పితే చాలామంది లెక్కలు సర్దుకుంటారు. ఈయన సిద్ధాంతాన్ని వదిలేశాడు. తర్వాత ఇంకోటి గమనించాడు. పడుకుని మాట్లాడుతున్న పేషెంటు లోపల, పైకి చెప్పే మాటల కింద, ఇంకో మాటల వరస నడుస్తోంది. ఒకావిడ ఆయనకు ఏవో సంగతులు చెబుతూనే, లోపల "ఈయనకు నేను విసుగు పుట్టిస్తున్నాను" అనుకుంటోందట. ఆవిడ ఆందోళన ఆ చెప్పే సంగతుల వల్ల కాదు, ఈ లోపలి మాట వల్ల. తటాలున వచ్చి, నిజమనిపించి, వెళ్లిపోయే ఆ మాటలకు ఆయన స్వయంచాలక ఆలోచనలు అని పేరు పెట్టాడు.

ఈ ఆలోచనలు ఎలా వంకర పోతాయో బెక్, ఆయన తర్వాతివాళ్లు పట్టీ రాశారు. ఆ పట్టీ మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మన సామెతల్లో అవన్నీ ఉన్నాయి! గోరంతను కొండంత చేయడం ఒకటి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం, అంటే ఎక్కడేం జరిగినా నా వల్లే అనుకోవడం, ఇంకొకటి. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడం: నాలుగో కాలు కళ్లముందు కనిపిస్తున్నా లెక్కలోకి రాదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆందోళన పడే మనిషి కూడా ఇలాగే జరగనిదానికి ముందే పేరు పెట్టేస్తాడు, కాకపోతే ఆయన పెట్టేది కొడుకు పేరు కాదు, జబ్బు పేరు. (నవ్వులు) మన పెద్దవాళ్లు ఇవి ఎదుటివాణ్ని దెప్పడానికి వాడారు. థెరపీలో మన ఆలోచనను మనమే పట్టుకోవడానికి వాడతాం.

పట్టుకోవడం అంటే ఎలా? ఒక కాగితం చూపిస్తాను. ఒకాయన, నలభై ఏళ్లుంటాయి. రాత్రి తొమ్మిదింబావుకు మేనేజర్ నుంచి మెసేజ్: "రేపు పదకొండుకు ఒకసారి కలవండి." అంతే. ఆయన కాగితంలో మొదటి గడిలో అది రాశారు. రెండో గడిలో, ఆ క్షణంలో మనసులోకి వచ్చిన మాట: "ఉద్యోగం తీసేస్తున్నారు." మూడో గడి: భయం, 90. అంటే నూటికి తొంభై. నాలుగో గడి, ఆ మాటను ఎంత నమ్ముతున్నారు: 85. ఇక్కడ ఆగి, ఆ మాటను బలపరిచేవి ఏమున్నాయో రాయమన్నాం. పోయిన నెల ఒక పని ఆలస్యమైంది అని రాశారు. బలపరచనివి? చాలాసేపు పెన్ను కదల్లేదు. తర్వాత రాశారు: "గత రెండేళ్లలో ఇలాంటి మెసేజ్‌లు పది వచ్చి ఉంటాయి. తొమ్మిదిసార్లు ఏదో పని అప్పగించారు. ఒకసారి సెలవుల గురించి." ఇప్పుడు నమ్మకం ఎంత? 40. సున్నా కాలేదు. కానక్కర్లేదు. నలభై ఉన్న మనిషి నిద్రపోగలడు, ఎనభై ఐదు ఉన్న మనిషి తెల్లవార్లూ పైకప్పు చూస్తాడు.

దీన్ని పాజిటివ్ థింకింగ్ అంటే నాకు కోపం వస్తుంది. "అంతా మంచే జరుగుతుంది, ప్రమోషన్ ఇస్తారేమో" అని రాసుకోమనలేదు. అది కూడా సాక్ష్యం లేని మాటే. తాడును చూసి పామనుకున్న వాడికి "అది పూలదండ అనుకో" అని చెబితే ఏం లాభం? దీపం తెచ్చి చూడమనాలి. ఒక్కోసారి అది పామే అవుతుంది.

ఈ చివరి మాట ముఖ్యం. కొన్నిసార్లు ఆలోచన నిజమే. భర్త కొడుతున్నాడు, "ఈ ఇంట్లో నాకు రక్షణ లేదు" అంటోంది ఒకావిడ. అది ఆలోచనలో వంకర కాదు, ఉన్నమాట. అక్కడ గడులు గీసిన కాగితం తీసేవాడు మంచి థెరపిస్టు కాదు. అక్కడ చేయాల్సింది ఆవిడ క్షేమంగా ఉండే దారి వెతకడం. అప్పుల్లో మునిగిన మనిషికి అప్పు తీర్చే ప్రణాళిక కావాలి. బైపోలార్, స్కిజోఫ్రీనియా లాంటి తీవ్రమైన మానసిక జబ్బుల్లో సీబీటీ పక్కన సాయంగా ఉంటుంది, మందులు ఆపేసి దీనికి రమ్మని ఎవరైనా అంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.

కాగితం సగం పనే. పేరులో బిహేవియర్ అని ఉంది చూశారా, చేసి చూడటం మిగతా సగం. పానిక్ అటాక్ వచ్చేవాళ్లను తీసుకోండి. గుండె దడదడలాడగానే "హార్ట్ అటాక్" అనుకుంటారు, ఆ భయానికి దడ ఇంకా పెరుగుతుంది. 1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్ట్ ఈ సుడిగుండాన్ని చక్కగా గీసి చూపించాడు. ముందు డాక్టరు చూసి గుండెకు ఇబ్బంది లేదని చెప్పాక, మేం గదిలోనే ఆ దడ తెప్పిస్తాం. గబగబా ఊపిరి పీల్చమంటాం, తిరిగే కుర్చీలో గిరగిరా తిప్పుతాం. నేనూ పక్కన ఇంకో కుర్చీలో తిరుగుతాను. నిజం చెప్పాలంటే, ముందు నాకే కళ్లు తిరుగుతాయి. (నవ్వులు) ముందే రాయిస్తాం: ఏం జరుగుతుందనుకుంటున్నారు? "పడిపోతాను." తర్వాత: ఏం జరిగింది? "చెమట పట్టింది, కాసేపటికి తగ్గింది." నేను వందసార్లు "మీకేం కాదు" అన్నా రాని నమ్మకం ఆ కాస్సేపట్లో వస్తుంది.

ఇప్పుడు ఇంట్లోవాళ్ల దగ్గరకు వద్దాం. ఇది కొంచెం గుచ్చుకోవచ్చు, ఏమనుకోకండి.

పదిహేనేళ్ల అమ్మాయి. ఓసీడీ, అంటే వద్దన్నా వచ్చే భయాన్ని తగ్గించుకోవడానికి ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే జబ్బు. రాత్రి పడుకునే ముందు అమ్మను అడుగుతుంది: "తలుపు గడియ పెట్టావా?" "పెట్టానమ్మా." "నిజంగా పెట్టావా?" "నిజంగా." "ఒట్టు?" "ఒట్టు." రెండు నిమిషాల ప్రశాంతత. మళ్లీ మొదలు. నాన్న లేచి వెళ్లి, గడియ ఫోటో తీసి తెచ్చి చూపిస్తాడు. "ఇది నిన్నటి ఫోటోనేమో?" ఆ ఇంట్లో పదకొండున్నర ముందు లైటు ఆరదు. ఆ తల్లిదండ్రులది ప్రేమే. కాని ఒక్కో జవాబూ ఆ భయానికి పెట్టే మేత. జవాబు దొరికిన ప్రతిసారీ ఆ అమ్మాయి మెదడు నేర్చుకునేది ఒకటే: అడగబట్టి బతికాం.

1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్ట్, ఏళ్ల తరబడి ఓసీడీతో ఉన్న ఇద్దరికి, భయపెట్టేదాన్ని ఎదుర్కోనిచ్చి, ఆ తర్వాత చేసే కడగడం, సరిచూడటం లాంటివి ఆపించి చూశాడు. ఇద్దరూ బాగా మెరుగయ్యారు. ఈనాటి ఓసీడీ చికిత్సకు వేరు అదే. యేల్ విశ్వవిద్యాలయంలో ఈలై లెబోవిట్జ్ బృందం ఇంకో అడుగు వేసింది. పిల్లల ఆందోళనకు, పిల్లలతో కాకుండా తల్లిదండ్రులతోనే సెషన్లు పెట్టారు. 2020లో అచ్చయిన వాళ్ల అధ్యయనంలో ఆ పద్ధతి, పిల్లలకు నేరుగా ఇచ్చిన సీబీటీకి ఏమీ తీసిపోలేదు.

ఆ అమ్మాయి ఇంట్లో ఏం చేశామంటే, అందరం కూర్చుని ముందు అమ్మాయితోనే ఒప్పందం రాయించాం. మొదటి వారం ఒకసారి జవాబు. ఆ తర్వాత అమ్మ చెప్పాల్సిన మాట ఒక్కటే: "నీకు భయంగా ఉందని తెలుసు, నువ్వు తట్టుకోగలవని కూడా తెలుసు." అరవకూడదు, విసుక్కోకూడదు, వాదించకూడదు. మూడో రాత్రి అమ్మాయి ఏడ్చింది, తలుపు తన్నింది. తల్లి బయట గోడకు ఆనుకుని కూర్చుని తనూ ఏడ్చింది, జవాబు మాత్రం చెప్పలేదు. మొదట్లో భయం పెరుగుతుంది, ఇది ముందే చెప్పకపోతే ఇంటిల్లిపాదీ నాలుగో రోజుకు వదిలేస్తారు. వీళ్లు వదల్లేదు. రాత్రికి ముప్పై ప్రశ్నలు రెండు నెలల్లో మూడుకు వచ్చాయి.

మామూలుగా సీబీటీ వారానికి ఒకటి చొప్పున పన్నెండు నుంచి ఇరవై సెషన్లు ఉంటుంది. ప్రతిసారీ ఇంటికి పని ఇస్తారు. ఎప్పటికీ అయిపోని, ఇంటిపని లేని, ఏం సాధించాలో రాసుకోని థెరపీకి వెళ్తుంటే "ఇది సీబీటీయేనా?" అని అడిగే హక్కు మీకుంది.

నా టైము అయిపోయింది. ఒక ప్రశ్న తీసుకోమంటున్నారు. ఆ చివర అమ్మగారు, చెప్పండమ్మా.

(సభలో ఒకరు: మా అబ్బాయికి ఇరవై రెండేళ్లు. ఏదో పెద్ద జబ్బుందని రోజూ నన్ను అడుగుతూనే ఉంటాడు. డాక్టర్లు ఏమీ లేదన్నారు. మీలాంటి వాళ్ల దగ్గరకు రమ్మంటే చచ్చినా రానంటాడు. ఏం చేయమంటారు?)

మీరు రండమ్మా. అవును, మీరే. అతను రాకపోయినా ఫరవాలేదు, ఇందాక చెప్పాను కదా. అబద్ధం చెప్పి తీసుకురావద్దు, "నేను వెళ్తున్నాను" అని అతనికి చెప్పే రండి. వచ్చేముందు ఒక వారం రోజులు ఒక కాగితం మీద రాయండి. అతను ఏ టైముకి అడిగాడు, ఏ మాటల్లో అడిగాడు, మీరేం జవాబిచ్చారు, ఆ జవాబుకు ఎంతసేపు ఊరుకున్నాడు. ఈ వారం మీ జవాబులు ఏమీ మార్చకండి, ఇప్పుడెలా చెబుతున్నారో అలాగే చెప్పండి. రాయడం మాత్రం మర్చిపోకండి. రోజు చివర ఎన్నిసార్లయిందో కూడి కింద వేయండి.

(అదే మనిషి: ఎన్నిసార్లో లెక్కపెట్టాలా అండీ?)

పెట్టాలమ్మా. ఆ నంబరు మాత్రం నాకు కావాలి. (నవ్వులు)